ఆటయు నొక యూరటయే

1883లో డాక్టరు ఆనా కుగ్లరు అను అమెరికా వనిత గుంటూరునకు వచ్చి, మన స్త్రీలకును శిశువులకును వైద్యము చేసెను. 1930లో ఇచటనే కన్నుమూసెను.

చీమకుర్తిలో ఈ కథ చెప్పినపుడు ఒక బాలిక, "మాస్టారూ! నేనును పరదేశమునకు పోయి, ఆసుపత్రిలోని పిల్లలకు సేవ చేయుదును. కాని నాకు వైద్యము రాదు. వారి భాషయు రాదు. ఏమి చేయగలను?" అని యడిగినది.

"వారితో ఆడుకొనుము, అమ్మా!" అంటిని. ఆమె నవ్వినది. నేను పరిహాసమాడలేదు.

పూర్వము ఇంగ్లండులోని పెక్కు ఆసుపత్రులలో తల్లిదండ్రులను కొద్దిసేపు మాత్రమే రానిచ్చెడివారు. ఏడ్చి యేడ్చి మిన్నకున్న బిడ్డ కుదుటపడినదని తలచెడివారు. లండను ఆసుపత్రిలో ఎనిమిది దినములున్న రెండేండ్ల బాలికను జేమ్స్ రాబర్ట్‌సన్ చలనచిత్రముగా తీసి, 1952లో ప్రదర్శించెను. ఆ మౌనము శాంతి కాదు, దుఃఖమే యని లోకమునకు తెలిసెను. తల్లిదండ్రులను ఎల్లవేళల రానీయవలెననియు, పిల్లలకు ఆటలు కల్పింపవలెననియు 1959లో ప్లాట్ సంఘము ప్రభుత్వమునకు నివేదించెను.

ఆటకు భాష యక్కరలేదు. మంచముపైననే కాగితపు పడవ చేయవచ్చును. గోడపై చేతినీడతో కుందేలును గంతులు వేయింపవచ్చును. అయితే ముందుగా చేతులు కడుగుకొనవలెను. నర్సు అనుమతి పొందవలెను. బిడ్డ వలదన్నచో మానవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మరలిపోవు దినమును దాచరాదు. ఇల్లు విడిచి వచ్చిన బిడ్డకు "రేపు వత్తును" అని చెప్పి రాకుండుట, మరల నొకమారు ఇల్లు దూరము చేయుటయే.

ఈ విద్య నేర్చుటకు విమాన మెక్క నక్కరలేదు. ఒంగోలు ఆసుపత్రిలో నున్న మీ పొరుగింటి బిడ్డ పడకయొద్దనే మొదలిడుడు.