నేల దాచిన విషం

నేలపై జరిగిన నష్టం కంటికి కనిపిస్తుంది. నేల అడుగున జరిగిన నష్టం ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా విస్తరిస్తుంది. వాడుక తప్పిన ఇంధన ట్యాంకుల వల్ల భూగర్భ జలం కలుషితం కావడం ఇటువంటి నష్టమే.

అగ్నిప్రమాదాలను నివారించడానికి పెట్రోలును భూమిలో పాతిన ట్యాంకులలో నిల్వచేస్తారు. అమెరికాలో 1980వ దశకానికి ముందు వీటిని ఎక్కువగా రక్షణపూత లేని ఉక్కుతో తయారుచేసేవారు. తేమకు ఉక్కు తుప్పుపట్టి, చిల్లులు పడి, ఇంధనం బొట్టుబొట్టుగా కారేది. బంకు మూతపడి ఆ స్థలంలో వేరొక కట్టడం వెలసినా, నేలలో ఇంకిన ఇంధనం మాత్రం అక్కడే మిగిలిపోయేది. ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంతవరకు నిర్ధారించిన లీకుల సంఖ్య 5 లక్షలకు పైమాటే.

కారిన పెట్రోలు మట్టి రేణువుల సందుల గుండా దిగి నీటిమట్టాన్ని చేరుతుంది. నీటికంటే తేలిక కనుక దానిపై తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీన్ వంటి పదార్థాలు కొద్దికొద్దిగా నీటిలో కరిగి, ప్రవాహం వెంట సాగుతాయి. బెంజీన్ రక్తక్యాన్సర్‌కు కారణమవుతుందని వైద్యశాస్త్రం నిరూపించింది.

ఈ కాలుష్యపు జాడ తీయడం ఓర్పుతో కూడిన పని. పరిశోధకులు మొదట పాత పటాలను, అనుమతి పత్రాలను పరిశీలించి ట్యాంకులు ఉండిన చోటును గుర్తిస్తారు. పిమ్మట రంధ్రాలు తొలిచి వివిధ లోతుల నుండి మట్టిని సేకరిస్తారు. ఆపై పరిశీలక బావులు తవ్విస్తారు. ఒకే సరళరేఖపై లేని బావులు కనీసం మూడైనా ఉండాలి. వాటిలోని నీటిమట్టాలను పోల్చినప్పుడే భూగర్భ జలం ఏ దిక్కుకు పారుతున్నదో తెలుస్తుంది. ట్యాంకుకు ఎగువన ఉన్న బావి నీరు శుద్ధంగా ఉండి, దిగువ బావి నీటిలో బెంజీన్ కనిపిస్తే, కాలుష్యం ఆ స్థలం నుండే వచ్చిందనడానికి బలమైన ఆధారం దొరికినట్లే. ఈ రసాయనాలు త్వరగా ఆవిరవుతాయి. అందువల్ల నమూనాను గాలిబుడగ మిగలకుండా గాజుసీసాలో నింపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపుతారు. ఋతువులను బట్టి నీటిమట్టం మారుతుంది కనుక ఒక్క పరీక్షతో తృప్తిపడరు.

కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరపు అనుభవం ఈ విషయంలో గొప్ప గుణపాఠం. అమెరికాలో 1979 నుండి సీసానికి బదులుగా ఎం.టి.బి.ఇ. అనే రసాయనాన్ని పెట్రోలులో కలపసాగారు. వాయుకాలుష్యాన్ని తగ్గించాలన్న ఉద్దేశంతో 1990 నాటి చట్ట సవరణల తరువాత దాని వాడకం బాగా పెరిగింది. ఉద్దేశం మంచిదే. కాని ఆ రసాయనం నీటిలో సులభంగా కరుగుతుంది. మట్టికి అంతగా అంటుకోదు. సూక్ష్మజీవులకు త్వరగా లొంగదు. గాలిని బాగుచేయడానికి తెచ్చినది నీటిని చెరిచింది. 1995లో ఆ నగరపు తాగునీటి బావులలో అది బయటపడింది. 1996లో ప్రధానమైన బావులను మూసివేయడంతో నగరం తన తాగునీటిలో దాదాపు సగం కోల్పోయి, బయటి నుండి నీటిని కొనుక్కోవలసి వచ్చింది. చార్నాక్ అనే చోట ఉన్న బావుల పరిసరాలలో పెట్రోలు బంకులు, ఇంధనపు పైపులైన్లు అనేకం ఉండడం వల్ల ఏది ఎంత కారణమో తేల్చడం కష్టమైంది. 2003 ముగిసేసరికి కాలిఫోర్నియా ఆ రసాయనాన్ని నిషేధించింది. శుద్ధి కేంద్రాన్ని నిర్మించి చార్నాక్ బావుల నీటిని తిరిగి వాడుకలోకి తేవడానికి 2010 చివరి వరకు పట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఫలితం స్వల్పం. ఒక ట్యాంకును సకాలంలో పరీక్షించడానికి కొద్ది గంటలు చాలు. చెడిన జలాన్ని బాగుచేయడానికి దశాబ్దాలు కావాలి. బోరుబావి నీటినే తాగే పల్లెలు, పట్టణాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. అక్కడి బంకుల కింద ఉన్న ట్యాంకులపై ఎప్పటికప్పుడు నిఘా ఉంచడం ప్రజారోగ్యాన్ని కాపాడుకోవడమే. నేల తాను దాచుకున్నదాన్ని ఎన్నటికైనా నీటి ద్వారా మనిషికి తిరిగి అందిస్తుంది.