గట్టు తెగకముందే: భూతాపం, నేటి ఒప్పందాలు, రేపటి ఫలితాలు

భూగోళపు సగటు ఉష్ణోగ్రత పెరుగుతున్నదనీ, అందుకు ప్రధాన కారణం మానవుడు మండిస్తున్న బొగ్గు, చమురు, సహజవాయువులేననీ శాస్త్రలోకం నిర్ధారించింది. ఈ పెరుగుదలను ఒకచోట ఆపి నిలపడమే శీతోష్ణస్థితి స్థిరీకరణ. ఇది శతాబ్దాల వ్యవహారం. అయినా అందుకు కావలసిన నిర్ణయాలు ఈ పది పదిహేనేళ్ళలోనే జరగాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇంత తొందర ఎందుకు? సమాధానం వాయువుల స్వభావంలోనే ఉన్నది.

నిండుతున్న చెరువు

సూర్యరశ్మి వలన వేడెక్కిన భూమి ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో తిరిగి పైకి పంపుతుంది. వాతావరణంలోని కొన్ని వాయువులు ఆ కిరణాలను పీల్చుకొని, కొంత వేడిని మళ్ళీ నేలకే మళ్ళిస్తాయి. వీటిని హరితగృహ వాయువులు అంటారు. మానవుని చేతల వలన పెరుగుతున్న వాటిలో ముఖ్యమైనది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్.

వాతావరణాన్ని ఒక చెరువుగా ఊహించవచ్చు. మానవులు ఏటా దానిలోకి సుమారు 4,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును వదులుతున్నారు. సముద్రాలు, అడవులు, నేలలు తూముల వలె అందులో సగానికి పైగా తీసుకుంటాయి. మిగిలినది చెరువులోనే చేరుతుంది. దానిలో కొంత భాగం వేల సంవత్సరాలు నిలిచి ఉంటుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు పదిలక్షల గాలి అణువులలో ఈ వాయువు అణువులు సుమారు 280 ఉండేవి. 1958లో చార్ల్స్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవాపై కొలతలు మొదలుపెట్టినప్పుడు అవి 315. 2024 నాటికి 420 దాటాయి.

వచ్చే నీటిని కొంత తగ్గిస్తే చెరువు నిండే వేగం తగ్గుతుంది గాని, నిండడం ఆగదు. అదనంగా చేరే ప్రతి లక్ష కోట్ల టన్నులకు ఉష్ణోగ్రత సుమారు 0.45 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021లో అంచనా కట్టింది. కావున ఉష్ణోగ్రత ఎక్కడ ఆగుతుందన్నది మొత్తం ఎంత పోగుపడిందన్న దానిపై ఆధారపడుతుంది. నేడు కట్టిన బొగ్గు విద్యుత్కేంద్రం నలభై ఏళ్ళు పొగ వదలగలదు. ఆలస్యం చేసిన ప్రతి ఏడూ తరువాతి తరానికి మిగిలే వెసులుబాటును హరిస్తుంది.

స్వల్పాయువు గల వాయువు

మీథేన్ స్వభావం వేరు. ఇరవై ఏళ్ళ కాలానికి లెక్కిస్తే, టన్నుకు టన్నుగా, అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు ఎనభై రెట్లు ఎక్కువ వేడిని బంధిస్తుంది. అయితే పన్నెండేళ్ళ ప్రాంతంలో చాలావరకు నశిస్తుంది. కావున దీనిని నేడు తగ్గిస్తే ఫలితం రెండు మూడు దశాబ్దాలలోనే కనబడుతుంది. చమురు బావులు, గ్యాస్ గొట్టాలు, బొగ్గు గనులు, చెత్తకుప్పలు, పశువులు, నీరు నిలిచిన వరిచేలు దీనికి మూలాలు. కృష్ణా, గోదావరి డెల్టాల వంటి వరి ప్రాంతాలలో పొలాన్ని నడుమ నడుమ ఆరబెట్టి తిరిగి నీరు పెడితే మీథేన్ తగ్గుతుంది. నీరూ ఆదా అవుతుంది.

2030 నాటికి మీథేన్‌ను 2020 స్థాయి కంటే 30 శాతం తగ్గించాలన్న సంకల్పం 2021లో గ్లాస్గో సమావేశంలో వెలువడింది. భారతదేశం అందులో చేరలేదు. మీథేన్ తగ్గింపు వేడి పెరిగే వేగాన్ని త్వరగా తగ్గించగలదు, కాని బొగ్గుపులుసు వాయువు తగ్గింపునకు ప్రత్యామ్నాయం కాదు. రెండూ కావాలి.

మాంట్రియల్ పాఠం

ప్రపంచదేశాలు ఒకమాటపై నిలవగలవా అన్న సందేహానికి ఒక జవాబు ఉన్నది. ఒకప్పుడు రిఫ్రిజిరేటర్లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరకు చేటు చేస్తాయని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. అవి తీవ్రమైన హరితగృహ వాయువులు కూడానని 1975లో వి. రామనాథన్ చూపారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తరువాత అన్ని దేశాలూ దానిని ఆమోదించాయి. స్పష్టమైన గడువులు, అందుబాటులోకి వచ్చిన బదులు రసాయనాలు, వర్ధమాన దేశాలకు ప్రత్యేక నిధి: ఈ మూడూ దాని విజయానికి తోడ్పడ్డాయి.

బదులుగా వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ను బాధించవు గాని వేడిని బంధిస్తాయి. వాటినీ దశలవారీగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో సవరణ చేశారు. అది పూర్తిగా అమలైతే ఈ శతాబ్దాంతానికి అర డిగ్రీ వరకు తాపం తప్పుతుందని అంచనా.

మిగిలిన బాధ్యత

బొగ్గుపులుసు వాయువు విషయంలో దారి ఇంత సుగమం కాదు. అది యావత్తు ఇంధన వ్యవస్థతో ముడిపడినది. 1992 రియో ఒడంబడిక స్థిరీకరణను లక్ష్యంగా ప్రకటించింది. 1997 క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకు పరిమితులు విధించగా అమెరికా దానిని ఆమోదించలేదు. 2015 పారిస్ ఒప్పందం ఉష్ణోగ్రత పెరుగుదల రెండు డిగ్రీలకు బాగా లోపల ఆగాలన్నది. కాని ఎవరెంత తగ్గించాలో ఆయా దేశాలకే వదిలింది.

ఇందులో న్యాయం ప్రశ్న కూడా ఉన్నది. సగటు అమెరికా పౌరుని వాటా సగటు భారతీయుని వాటాకు ఆరేడు రెట్లు. ఇప్పటివరకు పోగుపడిన దానిలో అత్యధిక భాగం సంపన్న దేశాలది. అందుచేతనే ధనసహాయం, సాంకేతిక సహాయం దానధర్మాలు కావు, ఒప్పందంలో భాగాలు. పుట్టిన దేశం, స్థిరపడిన దేశం రెండూ ఈ లెక్కలో ఉన్న కుటుంబాల పిల్లలు ఈ ప్రశ్నను ఇరువైపుల నుండీ అర్థం చేసుకోగలరు. ఈ దశాబ్దంలో సంతకాలు చేసేవారు పెద్దలు. ఆ నిర్ణయాల ఫలితంతో 2070లో జీవించేవారు ఆ పిల్లలే.