బాలింత మనసు బాధను వినడం ఎలా?

ఈ నెల పాఠం కాన్పు తర్వాత తల్లి మనసుకు కలిగే బాధను గురించి.

కాన్పయిన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు, చిరాకు వస్తాయి. ఇవి సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతాయి. అలా తగ్గకుండా దిగులు, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డను చూసినా సంతోషం లేకపోవడం, "నేను మంచి తల్లిని కాను" అనుకోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. కాన్పయిన ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. ఇది జబ్బు. తల్లి తప్పు కాదు, విశ్వాసం తక్కువై వచ్చిందీ కాదు.

మేము చేసిన పొరపాటు

ఒక చెల్లి బిడ్డకు ఆరు వారాల టీకాలు వేయించడానికి వచ్చింది. (ఆమె అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాము.) ఆమె కళ్లలో నీళ్లు చూసి, "ఇంత చక్కని బిడ్డను దేవుడిచ్చాడు, ఏడవకూడదమ్మా, ప్రార్థన చేసుకో" అని చెప్పి పంపాము. మంచి మాటే చెప్పామనుకున్నాము. కాని ఆమెను ఒక్క మాటైనా చెప్పనివ్వలేదు.

పది వారాల టీకాకు వచ్చినప్పుడు బిడ్డ అత్తగారి చేతిలో ఉంది. తల్లి దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. ఈసారి ఆమెను పక్క గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, మేమూ ఎదురుగా కూర్చున్నాము.

"బిడ్డ సంగతి తర్వాత. నువ్వెలా ఉన్నావమ్మా?"

చాలాసేపు మాట్లాడలేదు. మేమూ తొందరపెట్టలేదు. చివరకు, "నేను లేకపోతేనే బిడ్డకు మంచిదనిపిస్తోంది సిస్టరమ్మా" అంది.

"చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడిగాము. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. అడిగితేనే చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆమె "అవును" అంది. ఆ రోజు ఆమెను ఒంటరిగా వదలలేదు. మానసిక వైద్యులు చూసే వరకు పక్కనే ఉన్నాము.

మనిషిని మొత్తంగా చూడాలి

1. శరీరం: రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. పత్యం పేరుతో కూరలు, నీళ్లు తగ్గించకూడదు. రాత్రి కొన్ని గంటలైనా ఆమె నిద్రపోయేలా మరొకరు బిడ్డను చూసుకోవాలి.

2. మనసు: సలహాకు ముందు వినాలి. ఎడింబరో ప్రశ్నావళి అని 1987లో వచ్చిన పది ప్రశ్నలున్నాయి. గత ఏడు రోజులుగా ఎలా ఉన్నదీ వాటితో తెలుసుకోవచ్చు. అవసరమైతే డాక్టరుగారు, పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఇస్తారు. సొంతంగా మానకూడదు.

3. కుటుంబం: ఆమె ఒప్పుకున్నాక భర్తను, అత్తగారిని పిలిచి మాట్లాడాలి. "మేమంతా కనలేదా" అనే మాట మానమని చెప్పాలి.

4. ఆత్మ: ఆమె కోరితే ప్రార్థించాలి. ప్రార్థన కూటంలో ఆమె పేరు చెప్పకూడదు. ప్రాణాపాయం ఉంటే మాత్రం డాక్టరుగారికి చెప్పక తప్పదని ముందే ఆమెకు తెలియజేయాలి.

మొదటి రాజులు 19వ అధ్యాయం చూడండి. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు భోజనం పెట్టించాడు. ఆ తర్వాతే ప్రశ్న అడిగి, అతని బాధ చెప్పుకోనిచ్చాడు. మేము ఆ చెల్లితో మొదటిసారి ఈ వరుస తప్పాము.

ఆలస్యం చేయవద్దు

బాలింతకు రాత్రుళ్లు నిద్రే లేకపోవడం, ఎవరివో మాటలు వినబడుతున్నాయనడం, బిడ్డ గురించి వింత అనుమానాలు ఉంటే దయ్యమనో గాలి అనో తిప్పవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. తల్లిని, బిడ్డను ఒంటరిగా ఉంచవద్దు. మనసు బాధ చెప్పుకోవడానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆ చెల్లి మందులు వాడుతూ, మూడు వారాలకొకసారి మాతో మాట్లాడుతూ మెల్లగా కోలుకుంది. తొమ్మిదో నెల టీకాకు బిడ్డను తానే ఎత్తుకొచ్చింది. ఇప్పుడు టీకాల గదిలో బిడ్డను తూచిన తర్వాత తల్లిని కూడా "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడుగుతున్నాము. మీ ఇంట్లో బాలింత ఉంటే ఈ రోజే మీరూ అడగండి. అడిగి, కాసేపు ఆమె పక్కన కూర్చోండి.