తాగుడు మాన్పించే ఉద్యోగం: చేరేముందు ఏం అడగాలి?

నిమ్మనపల్లె నుంచి మదనపల్లెకు బస్సెక్కి చదువుకుంటున్న పిల్లల్లో సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్ వైపు మొగ్గేవాళ్లు డీ-అడిక్షన్ రంగాన్ని తప్పక పరిశీలించాలి. ఈ పని తెలిసినవాళ్ల అవసరం చాలా ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం సమస్య నుంచి బయటపడటానికి సాయం కావాలని, మద్య వ్యసనం ఉన్న ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని అది చెప్పింది. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం, 1995 నాటి నిషేధం, 1997లో దాని సడలింపు మనకు తెలిసిన చరిత్రే. తాగే మనిషి పక్కన కూర్చుని నెలల తరబడి ఓపిగ్గా పనిచేసేవాళ్ల గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ.

వాళ్లు అలసిపోతారు. బర్న్‌అవుట్ అనే ఈ అలసటను మొదటగా వివరించిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దాన్ని గమనించింది న్యూయార్క్‌లో మత్తుమందులకు అలవాటుపడినవారు వచ్చే ఒక ఉచిత క్లినిక్‌లోనే. ఎక్కువ అంకితభావంతో వచ్చినవాళ్లే ఎక్కువగా దీని బారిన పడతారని 1974 నాటి వ్యాసంలో ఆయన రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పనికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తి, చేతనైన పని కూడా చేతకావడం లేదనిపించడం. మధ్యది చాప కింద నీరులా వస్తుంది. పేషెంటు గది బయటికి వెళ్లగానే "వీడు మారడులే" అని మీ నోటి నుంచి రావడం మొదలైతే, అది మీరు జాగ్రత్తపడాల్సిన సమయం.

ఈ పనిలో ఎక్కువగా కుంగదీసేది రిలాప్స్. మానిన మనిషి మళ్లీ తాగడం ఈ జబ్బు స్వభావంలోనే ఉంది. టమోటాకు ధర పలికితే చేతిలో డబ్బు, పలకకపోతే మనసులో దిగులు. మళ్లీ సీసా పట్టడానికి ఏదైనా చాలు. కొత్త కౌన్సెలర్ దాన్ని తన ఓటమిగా లెక్క వేసుకుంటారు. మన చిన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది. బెంగళూరులో అయితే డ్యూటీ దిగాక మీరెవరో ఎవరికీ తెలియదు. ఇక్కడ మార్కెట్ యార్డులో, బస్టాండులో, పెళ్లి పందిట్లో పేషెంట్లే ఎదురవుతారు. ఒక్కోసారి ఆ పేషెంటు సొంత మేనమామే కావచ్చు. రాత్రి పదిన్నరకు "మేడం, ఆయప్ప మళ్లా తాగినాడు" అని ఫోను వస్తుంది.

అందుకే, యోగా, నిద్ర, నడక మంచివే అయినా, అసలు జాగ్రత్త ఉద్యోగం ఎంచుకునేటప్పుడే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడిగి రావద్దు. వారానికోసారైనా నా కేసుల గురించి అనుభవజ్ఞులు కూర్చుని మాట్లాడతారా? ఒక్కో కౌన్సెలర్‌కు ఎంతమంది పేషెంట్లు? డ్యూటీ అయిపోయాక వచ్చే ఫోన్లు ఎవరు తీస్తారు? బంధువుల కేసు వస్తే ఇంకొకరికి మార్చుకోవచ్చా? వీటికి సూటిగా జవాబు రాని చోట రెండు వేలు ఎక్కువిస్తామన్నా ఆలోచించండి.

చేరాక సొంత నంబరు పేషెంట్లకు ఇవ్వకండి, వేరే సిమ్ పెట్టుకోండి. రాత్రివేళ ఏం చేయాలో ఇంటివాళ్లకు ముందే నేర్పండి. బాగా తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. అప్పుడు మీరు ఫోన్లో ధైర్యం చెబితే సరిపోదు, 108కి ఫోన్ చేయించాలి. మత్తు సమస్యల సలహాకు 14446 ఉంది.

తాగుడు మాని ఇదే రంగంలోకి వచ్చేవాళ్లూ ఉంటారు. పేషెంట్లు వాళ్ల మాట త్వరగా నమ్ముతారు. ఉద్యోగం వచ్చింది కదా అని వాళ్లు తమ సొంత ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులు మానకూడదు.

చదువు సంగతి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ దగ్గర్లోనే ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సే చేయాలి. సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు, నర్సులకు నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. ఒంటరిగా పనిచేసే కౌన్సెలర్‌కు వాటి ద్వారా తోటివాళ్లు దొరుకుతారు. కుప్పం వైపు తమిళం, కన్నడం కూడా వస్తే ఇంకా మేలు.

ఇప్పటికే అలసిపోయి ఉంటే, రాజీనామా రాసేముందు కొన్ని నెలలు వార్డు నుంచి స్కూళ్ల అవగాహన కార్యక్రమాలకు మార్చమని అడగండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు మీరూ ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు, ఏ వేళైనా పలుకుతుంది.