ఇంటి చిట్టెలుకలు - నివారణ

ధాన్యము ఇల్లు చేరినంత మాత్రమున రైతు కష్టము తీరినదనుకొనరాదు. గరిసె వద్ద చిట్టెలుక కాచుకొనియుండును. దీని బరువు 15 మొదలు 20 గ్రాములు. దినమునకు తినునది సుమారు 3 గ్రాములు. ఇంతేకదా యని ఉపేక్షింపరాదు. తినుదానికంటె కొరికి పారవేయునదియు, మూత్రముతోను పెంటికలతోను పాడుచేయునదియు హెచ్చు. ఒక్క చిట్టెలుక దినమునకు 50 పెంటికల వరకు వేయును. మొలక భాగము కొరికిన విత్తనము మొలవనే మొలవదు.

ఆడ ఎలుక సుమారు 3 వారములు చూలుమోసి, ఈతకు 5, 6 పిల్లలను పెట్టును. ఆ పిల్లలు రెండు నెలలలోపుననే ఎదకు వచ్చును. కావున ఆలస్యము చేయరాదు.

1. పెన్సిలు దూరు సందు చిట్టెలుకకు చాలును. గోడ రంధ్రములను సిమెంటుతో మూసి, తలుపుల అడుగున రేకు కొట్టవలెను.

2. బస్తాలను గోడకు 2 అడుగుల ఎడముగా బల్లలపై పేర్చవలెను. బాగుగా ఎండిన విత్తనములను బిగువైన మూతగల రేకు డబ్బాలలో ఉంచవలెను.

3. చిట్టెలుక గూటికి కొద్ది గజముల మేరలోనే, గోడ వెంబడి తిరుగును. ఒక్క బోను చాలదు. గోడవారగా 2 గజములకొకటి పెట్టవలెను. వేయించిన వేరుశనగ, ఎండుకొబ్బరి మంచి ఎర. ఇది పెద్ద ఎలుకవలె క్రొత్త వస్తువునకు బెదరదు.

4. జింకు ఫాస్ఫైడు ఎరను ఇంటిలో పెట్టరాదు. పిల్లలకు, పశువులకు ప్రాణాపాయము.

ముందు సందులు మూయుడు, పిదప బోను పెట్టుడు. సందులు తెరచియుంచి ఎలుకలను చంపుట చిల్లికుండలో నీరు పోయుటయే.