తన్ను తాను బొమ్మగా జూచుకొనుట

నల్లబల్లపై లెక్క చేయ బిలిచినప్పుడు కొందఱు బాలికలు ముందుగా ఓణీ సవరించుకొందురు, ముంగురులు సరిచేసికొందురు. సుద్దముక్క చేతబట్టిన పిదపను వెనుకనున్నవారి చూపులనే తలపోయుచుందురు. లెక్క తప్పినయెడల శ్రద్ధ లేదని మేమును పలుమారు గద్దించితిమి. ఆ శ్రద్ధ యెచ్చటికి బోయినదో విచారింపమైతిమి.

1997వ సంవత్సరమున అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞురాండ్రగు బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, టామీ-ఆన్ రాబర్ట్స్ అనువారు దీనికొక వివరణ మొసంగిరి. పరులు తన దేహమును పదేపదే తూచి చూచుచుండగా, బాలిక క్రమముగా నా పరుల కన్నులను తనలోనే నిలుపుకొనును. "నేనేమి చేయగలను?" అను ప్రశ్న పోయి "నేనెట్లు కనబడుచున్నాను?" అనునదే మిగులును.

1998లో వారు సహచరులతో గూడి ప్రకటించిన పరీక్ష మిక్కిలి గమనింపదగినది. విద్యార్థులను ఒక్కొక్కరినే గదిలో నుంచి, కొందఱకు ఈతదుస్తులు, కొందఱకు స్వెట్టరులు తొడిగించి, నిలువుటద్దము ముందు నిలిపి, పిదప లెక్కలిచ్చిరి. ఈతదుస్తులు ధరించిన స్త్రీలు వెనుకబడిరి. పురుషులకట్టి నష్టము కలుగలేదు. గదిలో చూచువారెవ్వరును లేరు సుమా!

ఇది మనఃక్రుంగుబాటునకెట్లు దారితీయును? తన్ను తాను కావలికాయుట యెడతెగనిది; కొలబద్దయో యందరానిది. అందుచే సిగ్గును, "ఎవరేమందురో" యను బెదరును పుట్టును. పాటయందో పఠనమందో తన్ను మఱచి లీనమగు సంతోషము తగ్గును. ఆకలి, అలసట మున్నగు లోపలి పిలుపులు సయితము సరిగా వినబడవు. బాల్యమున బాలురకును బాలికలకును ఈ వ్యాధి ఇంచుమించు సమానమే. పదునైదేండ్ల ప్రాయమునాటికి బాలికలయందు సుమారు రెట్టింపగుచున్నది. కారణములు పెక్కుగలవు, ఇది వానిలో నొకటి. క్రుంగినవారు తమ్ము మఱింత కఠినముగా జూచుకొందురు గనుక దారి రెండు వైపులను నడచును. బాలురకును ఇది తప్పలేదు. చేతిఫోనులో తమ ముఖచిత్రములను దిద్దుకొని దిద్దుకొని నిద్రచెఱచుకొనువారిని మేమెఱుగుదుము.

తల్లిదండ్రులకొక మనవి. సెలవులకు ఇల్లు చేరిన బిడ్డను గుమ్మముననే "నల్లబడితివి", "లావైతివి" అని తూచుట మనకు వాత్సల్యమే గాని, బిడ్డకది మఱియొక యద్దము. రెండు వారములు నిద్రాహారములు చెడి, ఇష్టమైన పనులు సయితము రుచింపనిచో సోమరితనమని తలంపక వైద్యునికి చూపింపుడు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ వారితో 14416 సంఖ్యకు ఫోనుచేసి రుసుము లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును.

మా తరగతిలో నిప్పుడు నల్లబల్లకు ముగ్గురినొక్కసారి పిలుచుచున్నాము. మొన్న వారు సుద్దపొడి ముఖములకంటుకొన్నను ఎఱుగక ఒక భిన్నమును గూర్చి వాదులాడుకొనుచుండిరి.