బండి లాగే మోటారుకు బలమెక్కడిది?

బురదలో దిగబడ్డ బండి కదలాలంటే కావలసింది వేగం కాదు, చక్రాన్ని తిప్పే బలం. దీన్నే టార్క్ అంటాం. విద్యుత్ మోటారులో దీన్ని పెంచే మార్గాలు ముఖ్యంగా రెండు.

ఒకటి, కరెంటు పెంచడం. కరెంటు రెట్టింపైతే టార్క్ సుమారు రెట్టింపే. వైండింగులో పుట్టే వేడి మాత్రం నాలుగింతలు!

రెండు, రోటారు వ్యాసం పెంచడం. పొడవు మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే టార్క్ దాదాపు నాలుగింతలవుతుంది. కాని బరువూ, ఖరీదూ పెరుగుతాయి.

దుక్కి దున్నే ట్రాక్టరుతో ఇంకో చిక్కుంది. అది గంటల తరబడి నెమ్మదిగా, బరువుగా లాగాలి. మోటారు షాఫ్టుకే బిగించిన ఫ్యాను నెమ్మదిగా తిరిగితే గాలి చాలదు, వైండింగు కాలిపోతుంది. బావి దగ్గర మోటారు కాలితే ఖర్చెంతో రైతుబిడ్డలకు వేరే చెప్పాలా? కనుక క్షణకాలపు టార్కు కాదు, రోజంతా నిలిచే టార్కు చూసి డిజైను చెయ్యాలి.